రోజూ తుడిచే కారు

హనుమకొండలో మేము ఉండే అపార్ట్‌మెంట్ సెల్లారులో తెల్లవారుజామున ఐదున్నరకే పని మొదలవుతుంది. ఒక బకెట్ నీళ్ళు, ఒక పాత గుడ్డ, ఇరవైకి పైగా కార్లు. మా వాచ్‌మన్ ఒక్కొక్క కారు దగ్గరికి వెళ్ళి, గుడ్డను నీళ్ళలో ముంచి పిండి, పైకప్పు నుంచి మొదలుపెట్టి బానెట్, డోర్లు, డిక్కీ వరుసగా తుడుస్తాడు. ఐదారు కార్లు అయ్యేసరికి బకెట్‌లోని నీళ్ళు చాయ్ రంగుకు తిరుగుతాయి. పదో కారు దగ్గరికి వచ్చేసరికి అడుగున మడ్డి కూడా చేరుతుంది. మిగిలిన కార్లన్నీ ఆ నీళ్ళతోనే పూర్తవుతాయి. ఎనిమిది గంటలకు మేమంతా కిందికి దిగేసరికి కార్లు మెరుస్తూ ఉంటాయి, నెల చివర ఎవరి డబ్బు వాళ్ళం ఇచ్చేస్తాము. 2017లో ముదురు నీలం రంగు కారు కొన్న నాటి నుంచి రెండేళ్ళకు పైగా నేను ఈ ఏర్పాటును ఒక సౌకర్యంగానే భావించాను. మన కార్ల పెయింట్‌కు ఎండకన్నా, వానకన్నా, రోడ్డుకన్నా ఈ సౌకర్యమే ఎక్కువ నష్టం చేస్తోందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి కారణాలు చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ సంగతి నాకు ఒక పెళ్ళిలో తెలిసింది. కాజీపేట దగ్గర ఒక ఫంక్షన్ హాలు బయట రాత్రిపూట కారు నిలిపాను. భోజనాలు ముగించుకుని తిరిగి వచ్చేసరికి గేటు మీది ఫోకస్ లైటు నేరుగా బానెట్ మీద పడుతోంది. ఆ వెలుగు చుట్టూ సాలెపురుగు గూడు అల్లినట్టు వందల కొద్దీ సన్నని గీతలు వలయాలుగా కనిపించాయి. ఎవరో కావాలని గీశారేమోనని మొదట అనుమానించాను. కాని నాలుగు అడుగులు పక్కకు జరిగి చూస్తే ఆ వలయాలు కూడా నాతో పాటు జరిగాయి. ఇంట్లో స్టీలు పళ్ళేన్ని బల్బు కింద వంచి చూసిన వారెవరికైనా ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. పళ్ళెం మీది గీతలు నిజానికి అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగు వచ్చే దారికి అడ్డంగా ఉన్నవి మాత్రమే దానిని మన కంటివైపు తిప్పి పంపుతాయి కనుక, దీపం చుట్టూ గుండ్రంగా అల్లుకున్నట్టు కనబడతాయి. సెల్లారు ట్యూబులైటు కిందా, మబ్బు పట్టిన పగలూ అవి కంటికి దొరకవు. నలుపు, నీలం, ముదురు ఎరుపు రంగుల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తెల్ల కార్ల మీదా అన్ని గీతలూ ఉంటాయి, అయితే వాటి యజమానులు చాలా ఏళ్ళ వరకు గమనించరు.

వారం తరువాత వరంగల్‌లో చాలా ఏళ్ళుగా డెంటింగ్, పెయింటింగ్ పని చేస్తున్న ఒక మేస్త్రీకి కారు చూపించాను. ఆయన బానెట్‌ను ముట్టుకోకుండా, ఫోను టార్చి వేసి ఏటవాలుగా చూసి, “రోజు తుడిపిస్తున్నరా సార్?” అని అడిగారు. అవునన్నాను. “దుబ్బ ఊకె కూసుంటే ఏం జెయ్యది సార్. దాన్ని వట్టుకోని గుంజినప్పుడే గీకుతది” అన్నారు. దుమ్మును మా వైపు దుబ్బ అంటాము. ఆ తరువాత నేను చదివినదంతా, చేసి చూసినదంతా ఆ ఒక్క మాటకు వివరణే అయింది.

కారు రంగు అని మనం చూసేది ఒక్క పొర కాదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద అసలు రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికన్నా పైన రంగు లేని పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. మెరుపంతా ఈ చివరి పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడే గుణం కూడా దీనిదే. సాధారణంగా దీని మందం 40 నుంచి 50 మైక్రాన్ల దాకా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే చాలావరకు మన తలవెంట్రుక మందం కన్నా తక్కువే. కారు ఉన్నన్నాళ్ళు ఈ పొరనే మనం వాడుకోవాలి. అరిగినది మళ్ళీ పెరగదు. పాత అంబాసిడర్ కార్ల రోజుల్లో రంగే పై పొరగా ఉండేది, పాలిష్ చేస్తే గుడ్డకు రంగు అంటేది, అందువల్ల పెయింట్ అరుగుతోందని చేసే వారి కంటికే తెలిసేది. ఇప్పటి కార్లలో అరిగేది పారదర్శకమైన పొర కాబట్టి గుడ్డకు ఏ రంగూ అంటదు, అరుగుదల జరుగుతున్నట్టు ఎవరికీ అనిపించదు.

ఇక దుబ్బ సంగతి. దుమ్ములో మెత్తని మట్టితో పాటు ఇసుక రేణువులు ఉంటాయి, ఇసుకలో ప్రధానమైనది స్ఫటికం, అంటే క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలబద్ద మీద క్వార్ట్జ్ 7వ స్థానంలో ఉంటుంది. ఇనుప చాకును గీయగలిగిన రేణువు అది. క్లియర్ కోట్ ఒక రకమైన ప్లాస్టిక్ లాంటి పొర. క్వార్ట్జ్ ముందు అది నిలవలేదు. రేణువు తనంతట తాను పెయింట్ మీద పడి ఉన్నప్పుడు దాని బరువు లెక్కలోకి రానంత తక్కువ. మనం గుడ్డతో అదిమి లాగినప్పుడే దానికి బలం వస్తుంది. మన ఇళ్ళల్లో అంట్లు తోమడానికి ఒకప్పుడు బూడిద, పీచు వాడేవారు. బూడిదలోని గరుకు రేణువులను పీచుతో రుద్దితే గిన్నెకు అంటుకున్న మాడు పోయేది, గిన్నె కూడా కొద్దికొద్దిగా అరిగేది. దుమ్ము పట్టిన కారును తడిగుడ్డతో తుడవడం సరిగ్గా ఆ పనే. గిన్నె తోమడమే మన ఉద్దేశం కనుక అక్కడ అది తప్పు కాదు. కారును తోమాలని మాత్రం ఎవరమూ అనుకోము.

మన ప్రాంతంలో ఈ ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ అని నా అభిప్రాయం. చెల్క నేలల ఎర్రదుబ్బలో ఇసుక పాలు ఎక్కువ. రేగడి మట్టి మెత్తగా ఉన్నా, వానాకాలంలో బంకలా పట్టుకుని, ఎండాక గుడ్డతో గట్టిగా రుద్దితే తప్ప రాని పెంకుగా మారుతుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ బండలు మోసే లారీల వెనక నడిచిన కారు మీద పడేది క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కలిసిన రాతిపొడి. అంతకన్నా మంచి గరుకు కాగితం దుకాణంలో కూడా దొరకదు. మొరం రోడ్ల మీది పల్లె ప్రయాణాల గురించి వేరే చెప్పనక్కరలేదు. వరికోతల కాలంలో రైసు మిల్లుల చుట్టుపక్కల ఎగిరే ఊక చూడడానికి పొట్టు లాగే తేలికగా ఉంటుంది, కాని క్వార్ట్జ్‌కు మూలపదార్థమైన సిలికా వరి ఊకలోనూ గణనీయంగా ఉంటుంది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గుపొడి, బూడిద ఉండనే ఉన్నాయి. కాజీపేట జంక్షన్ లాంటి చోట రైలు పట్టాల పక్కన రోజూ కారు నిలిపే వారికి ఇంకొక ఇబ్బంది ఉంది: చక్రాలు, బ్రేకులు, పట్టాల రాపిడి నుంచి లేచే సన్నని ఇనుప రజను పెయింట్‌లో గుచ్చుకుని, తడికి తుప్పు పట్టి, నారింజ రంగు చుక్కలుగా తేలుతుంది. అది తుడిస్తే పోదు. ఇనుమును కరిగించే ప్రత్యేక ద్రావణం చల్లినప్పుడు ఊదారంగుగా మారి కారిపోతుంది. శుభ్రంగా కడిగిన కారు మీద, చేతికి పల్చని పాలిథిన్ కవరు తొడుక్కుని మెల్లగా నిమిరితే గరగరలాడుతూ తగిలేవి ఇలా గుచ్చుకున్న రజను లాంటివే.

ఇప్పుడు లెక్క వేసుకోవాలి. నెలకు ఇరవై ఐదు రోజులు తుడిస్తే ఏడాదికి మూడు వందల సార్లు ఇసుకను కారు మీద లాగినట్టు. నెలకు మూడుసార్లు సరిగ్గా కడిగితే ఏడాదికి ముప్పై ఆరు సార్లు, అదీ ఇసుకను ముందే నీళ్ళతో దించేసిన తరువాత, గుడ్డ తగిలినట్టు. నా వాదన ఇంతే: కారును ముట్టుకునే సార్లు తగ్గించాలి, ముట్టుకునే ముందు నీళ్ళతో దుమ్మును దించాలి. పొడి గుడ్డతో దులపడం, ఈకల బ్రష్షుతో విదల్చడం, దుమ్ము మీదనే కవరు కప్పడం, ఇవి మూడూ తడిగుడ్డకన్నా ఇంకా చెడ్డవి. కవరు సంగతి చాలామంది గమనించరు. గాలికి అది రోజంతా కదులుతూ కింద ఉన్న దుమ్మును తనంతట తానే రుద్దుతుంది.

“మరి దుమ్ము అలాగే ఉంచితే రంగు పాడవదా?” అని నన్ను చాలామంది అడిగారు. పొడి దుమ్ము వారం, పది రోజులు ఉన్నందువల్ల క్లియర్ కోట్‌కు చెప్పుకోదగిన హాని లేదు. వెంటనే తీయవలసినవి వేరే ఉన్నాయి, మనం వాటిని ఆదివారం దాకా వదిలేస్తాము. పక్షి రెట్టలో ఆమ్లగుణం ఉంటుంది. మే నెలలో మన ఎండకు వేడెక్కిన పెయింట్ కొంత మెత్తబడుతుంది, దాని మీద రెట్ట ఎండి బిగుసుకుంటే ఆ ఆకారమే పెయింట్‌లో అచ్చుపడుతుంది. నీళ్ళలో తడిపిన మెత్తని కాగితాన్ని దాని మీద ఐదు నిమిషాలు పరిచి, నానిన తరువాత పైకి ఎత్తి తీయాలి, పక్కకు లాగకూడదు, ఎందుకంటే అందులో గింజలు, ఇసుక ఉంటాయి. మామిడి పూత కాలంలో చెట్టు కింద నిలిపిన కారు మీద జిగురు చుక్కలు పడతాయి. అవి తేనెమంచు పురుగు విసర్జించే తీపి ద్రవం. దాని మీద దుమ్ము పడి, తరువాత నల్లని బూజు పెరుగుతుంది. పొలాల మధ్య రాత్రి ప్రయాణం చేస్తే బంపరు మీద పురుగులు అంటుకుంటాయి. సెల్లారు స్లాబు నుంచి కారే నీటి చుక్కలు అన్నిటికన్నా మొండివి. కాంక్రీటులోని సున్నాన్ని మోసుకొచ్చే ఆ నీళ్ళు తెల్లని మచ్చగా ఎండిపోతే పాలిష్‌కు కూడా ఒక పట్టాన లొంగవు. ఇవన్నీ ఏ రోజుకారోజు, ఆ చోటు వరకు మాత్రమే, బాగా నీళ్ళు పోసి తీయవలసినవి.

గీతలు చూసిన దిగులులో నేను చేసిన రెండవ పొరపాటు సిరామిక్ కోటింగ్, అంటే క్లియర్ కోట్ మీద రక్షణ కోసం ద్రవంగా పూసి ఆరబెట్టే పల్చని పూత. కోటింగ్ మంచిది కాదని నేను అనను, దాని నుంచి నేను ఆశించినది తప్పు. ఒక దుకాణంలో “9హెచ్ గట్టిదనం సార్, ఐదేళ్ళు గీత పడదు” అన్నారు, నేను నమ్మాను. 9హెచ్ అనేది పెన్సిళ్ళ కొలబద్ద. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్ళతో పూత మీద గీసి చూసే పరీక్షలో అన్నిటికన్నా గట్టిదైన 9హెచ్ పెన్సిల్ కూడా గీత వేయలేకపోతే ఆ మాట వాడతారు. పెన్సిల్ గీయలేని దానిని ఇసుక కూడా గీయలేదని దాని అర్థం కాదు. పైగా ఆ కోటింగ్ మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. దాని అసలు మేలు వేరు: నీళ్ళు, బురద దాని మీద నిలవవు, రెట్ట, జిగురు లాంటివి అంత త్వరగా లోపలికి దిగవు, నీళ్ళు పోస్తే దుమ్ములో ఎక్కువ భాగం జారిపోతుంది. అంటే గుడ్డతో పని తగ్గించడమే కోటింగ్ చేయగలిగిన ఉపకారం. దానిని వేయించుకుని, మరునాటి నుంచి మళ్ళీ వాచ్‌మన్ బకెట్‌కు అప్పగించిన నేను, ఏడాదిన్నర తిరగకముందే కోటింగ్ మీద కూడా సాలెగూడు చూశాను. దుకాణం వారిని అడిగితే సరిగ్గా కడగకపోతే హామీ వర్తించదన్నారు. ఆ మాట డబ్బు తీసుకునే ముందు చెప్పి ఉండవలసింది. ఎలా కడగాలో అరగంట నేర్పి పంపి ఉంటే ఇంకా బాగుండేది. రాళ్ళ దెబ్బలను, చిన్న గీతలను నిజంగా ఆపగలిగేది పెయింట్ మీద అతికించే పీపీఎఫ్ అనే పారదర్శకమైన పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) ఫిల్మ్. దాని మందం 150 మైక్రాన్లు, ఆ పైన ఉంటుంది, ఖర్చు కూడా ఆ మేరకే ఉంటుంది.

గీతలు పడితే రబ్బింగ్ చేయిస్తే పోతాయి కదా అనే ధైర్యం మనలో చాలామందికి ఉంది. రబ్బింగ్ పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీసి చదును చేయడం. 1163లో కట్టిన మన వేయిస్తంభాల గుడిలో నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ అద్దంలా మెరుస్తాయి. రాయికి ఆ నునుపు అరగదీయడం వల్లనే వస్తుంది, ముందు ముతక పొడితో, ఆ తరువాత ఇంకా మెత్తని పొడితో. కారు పాలిష్ కూడా అదే సూత్రం. అయితే శిల్పి చేతిలో అడుగుల మందం రాయి ఉంది, మన చేతిలో 40 మైక్రాన్ల పొర ఉంది. యంత్రంతో శ్రద్ధగా చేసినా ఒకసారికి కొన్ని మైక్రాన్లు పోతాయి. అంచుల దగ్గర, మడతల దగ్గర పొర ఇంకా పలుచన. ఏటా పండుగకు ముందు రబ్బింగ్ చేయించే కార్ల పైకప్పు మీద, ఏడెనిమిదేళ్ళకు క్లియర్ కోట్ పొరలు పొరలుగా లేచి తెల్లబడి ఉండడం మీరు కూడా చూసే ఉంటారు. ఆ స్థితికి వచ్చాక మళ్ళీ పెయింట్ వేయించడం తప్ప వేరే మందు లేదు.

నేను ఇప్పుడు కడిగే పద్ధతి ఇది. సూర్యుడు సెల్లారు ర్యాంపు దాకా రాకముందు, లేదా సాయంత్రం ఐదు దాటాక, నీడలో కారు నిలుపుతాను. బానెట్ మీద అరచేతి వెనుక భాగం ఆనించి చూస్తాను. వేడిగా తగిలితే ఆగుతాను. వేడి రేకు మీద షాంపూ నురగ నిమిషంలో ఎండి మరకలు కడుతుంది. మొదట చక్రాలు కడుగుతాను, వాటికి వేరే బకెట్, వేరే బ్రష్షు. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అంటిన గుడ్డ డోరు మీదికి రాకూడదనే దానికి ఈ ఏర్పాటు. తరువాత పైకప్పు నుంచి కిందికి, తొందర లేకుండా, పైపుతో నీళ్ళు పోస్తాను. ఈ పనికి నాలుగైదు నిమిషాలు ఇవ్వాలి. కడగడంలో సగానికి పైగా ఇక్కడే అయిపోతుందని నా అనుభవం. బురద ఎక్కువగా ఉన్న రోజున, మొక్కలకు మందు కొట్టే చిన్న చేతిపంపు డబ్బాలో షాంపూ నీళ్ళు నింపి కారంతా చల్లి, ఎండిపోకముందే, నాలుగు నిమిషాల తరువాత మళ్ళీ నీళ్ళు పోస్తాను. అప్పుడు కారే నీళ్ళ రంగు చూస్తే, ఇంతకాలం ఆ మట్టినంతా గుడ్డతో రుద్దానా అని బాధ కలుగుతుంది.

ఇంత అయ్యాకే చేతికి పీచుల గ్లవుజు తొడుక్కుంటాను. రెండు బకెట్లు ఉంటాయి: ఒకదానిలో షాంపూ నీళ్ళు, ఒకదానిలో మామూలు నీళ్ళు. ఒక డోరు కడిగిన తరువాత గ్లవుజును ముందు మామూలు నీళ్ళలో బాగా జాడించి, పిండి, ఆ తరువాతే షాంపూలో ముంచుతాను. బకెట్ అడుగున జల్లెడ లాంటి ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి ఉంటుంది, రాలిన ఇసుక దాని కిందికి దిగి మళ్ళీ పైకి లేవదు. పైకప్పు, అద్దాలు, బానెట్, డోర్ల పై సగం, చివరికి డోర్ల కింది సగం, బంపర్లు, ఈ వరుసలోనే కడగాలి, ఎందుకంటే ఇసుకంతా కిందనే ఉంటుంది. చేతి బరువు కూడా వేయకుండా, నిలువుగానో అడ్డంగానో తిన్నగా కదపాలి. గుండ్రంగా తిప్పే అలవాటు మానడానికి నాకు చాలా వారాలు పట్టింది.

షాంపూ అంటే కార్ల షాంపూ, ఆమ్లం గాని క్షారం గాని కానిది. బట్టలు ఉతికే పొడి క్షారగుణం కలది. దానికి, అంట్ల సబ్బుకు జిడ్డును కోయడమే పని కనుక మైనపు పాలిష్‌ను కూడా ఊడ్చేస్తాయి. గుడ్డ గురించి ఒక మాట. పాత లుంగీ, పాత బనియన్ మెత్తగా ఉంటాయి కదా అని మనవారి నమ్మకం. వరంగల్ పత్తి పండే నేల, నూలు గుడ్డ మీద నాకూ ప్రేమే ఉంది. కాని అరిగిపోయిన నూలు గుడ్డ చదునుగా ఉంటుంది, దొరికిన ఇసుక రేణువు దాగడానికి చోటు లేక పెయింట్‌కు, గుడ్డకు మధ్యే నలుగుతుంది. అతి సన్నని కృత్రిమ పోగులతో చేసే మైక్రోఫైబర్ గుడ్డ మందంగా ఉంటే దానిలో పీచు పొడుగ్గా ఉంటుంది, రేణువు ఆ పీచు లోపలికి పోతుంది. ఒక్కసారి నేల మీద పడిన గుడ్డ మళ్ళీ బాడీ మీదికి రాకూడదు, దానిని చక్రాలకు కేటాయించాలి. మైక్రోఫైబర్ గుడ్డలను మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. మెత్తదనం కోసం కలిపే ద్రవాలు వాడితే అవి నీళ్ళు పీల్చడం మానేస్తాయి.

ఆరబెట్టడం దగ్గర మన బోరు నీళ్ళు అడ్డం వస్తాయి. కుళాయి మూతి చుట్టూ తెల్లని పెచ్చు కట్టే నీళ్ళు, పప్పు ఉడకని నీళ్ళు, కారు మీద చుక్కగా ఎండితే కాల్షియం, మెగ్నీషియం లవణాలను అక్కడే వదిలిపోతాయి. తాగునీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలని, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మా బోరు నీళ్ళను పరీక్ష చేయిస్తే రెండవ అంకెకు దగ్గరగా వచ్చింది. భద్రకాళి, ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి వచ్చే నల్లా నీళ్ళకు ఈ బెడద తక్కువ. కాని తాగే నీళ్ళను పైపు పెట్టి కారు మీద పారించడం నాకు న్యాయంగా తోచదు. అందుకని బోరు నీళ్ళతోనే కడిగి, చివర ఒక్క బకెట్ నల్లా నీళ్ళను చెంబుతో పైనుంచి మెల్లగా జారవిడుస్తాను. వెంటనే పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలను బానెట్ మీద పరిచి, రుద్దకుండా అద్ది తీస్తాను. అప్పటికే మచ్చలు కట్టి ఉంటే, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, గుడ్డతో మచ్చ మీద నిమిషం ఉంచి, బాగా కడిగేస్తే కొత్త మచ్చలు కరుగుతాయి. వేసవి అంతా నిలిచిన మచ్చ కరగదు.

వాషింగ్ సెంటర్‌కు వెళ్ళడం తప్పదనే వారికి రెండు మాటలు చెబుతాను. ప్రెషర్ గన్‌ను రెండు అడుగుల దూరం నుంచి పట్టమనండి. దగ్గరగా పెడితే రాయి తగిలి పెచ్చు లేచిన చోట పెయింట్ అంచు ఇంకా ఊడుతుంది. అడుగు భాగానికి డీజిల్ కొట్టించుకోవద్దు. పెట్రోలియం నూనెలకు రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, పైగా ఆ జిడ్డు మీద దుమ్ము ఇంకా గట్టిగా పడుతుంది. నీళ్ళు, నురగ వాళ్ళవి, గుడ్డలు మీవి అయితే సగం భయం తీరినట్టే.

రోజూ తుడవడం మానిపించాలని అనుకున్నప్పుడు నాకు అసలు చిక్కు కారుతో కాదు, వాచ్‌మన్ జీతంతో వచ్చింది. “అన్నా, రేపటి నుంచి రోజు తుడవకు, పది రోజులకొకసారి ఇద్దరం కలిసి కడుగుదాం” అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. “రోజు తుడువకుంటే పైసలెందుకు ఇస్తరు సార్?” అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పు ఆయనది కాదు. రోజూ కంటికి కనిపించే పనికే మనం డబ్బు ఇస్తాము. కారు ఆ రోజు మెరిసిందా లేదా అని చూస్తాము తప్ప ఐదేళ్ళ తరువాత ఎలా ఉందని చూడము. ఇరవై కార్లకు ఒక్క బకెట్ నీళ్ళు సరిపెట్టుకోవలసిన పరిస్థితి కూడా మనం కల్పించినదే. కనుక నెలకు మూడుసార్లకే పూర్తి జీతం ఇస్తానని మాట ఇచ్చాను, ఇస్తున్నాను. బకెట్లు, షాంపూ, గ్లవుజులు నావి. నాతో పాటు ఇప్పుడు మరో నాలుగు ఇళ్ళ వారు ఇదే పద్ధతికి ఒప్పుకున్నారు. పని మేలైనప్పుడు జీతం తగ్గించడం న్యాయం కాదని వారికి చెప్పడమే, గీతల సంగతి చెప్పడం కన్నా కష్టమైంది.

మిగిలినది దసరా. ఆ రోజు భద్రకాళి గుడి ముందు, మన ఇళ్ళ ముందు, పూజ లేని బండి ఉండదు. పూజ మానమని నేను అనను. కాని పసుపు, కుంకుమ, గంధం తడిగా బానెట్ మీద పెట్టి రోజంతా ఎండలో ఉంచితే, ముఖ్యంగా రంగులు కలిసిన బజారు కుంకుమ అయితే, లేత రంగు కార్ల మీద మరక నిలుస్తుంది. పొడిగా రాలిన గంధాన్ని, అక్షింతలను చేత్తో ఊడ్చేస్తే మళ్ళీ గీతలే. పసుపు మరక మీద బట్టల సబ్బు వాడితే, సున్నం తగిలినట్టు ఎర్రబడి ఇంకా భయపెడుతుంది. బంతిపూల దండను ఇనుప తీగతో కాకుండా నూలు దారంతో కట్టాలి, కొబ్బరికాయను బంపరుకు దూరంగా కొట్టాలి. మా అమ్మకు బానెట్ మీదనే బొట్టు పెట్టడం అలవాటు. అద్దానికి పెయింట్ లేదు, మరక అంటదు, అక్కడ పెట్టమని అడిగితే, “అద్దం గూడ బండిదే గద బిడ్డా” అని ముందు అద్దం మీద ఒక మూలకు మూడు బొట్లు పెట్టింది. పోయిన దసరా నాడు సాయంత్రం ఆ బొట్లు తీయడానికి వాచ్‌మన్ వచ్చాడు. చెంబుతో మూడుసార్లు నీళ్ళు పోసి, కుంకుమ దానంతట అది కిందికి జారేదాకా ఆగి, ఆ తరువాతే గుడ్డ అందుకున్నాడు.